ఫ్యాన్లు ఆపేసిన గది

మంగళవారం తెల్లారి విశాఖలో దిగాను. అక్క ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా, కారప్పొడి పొట్లం తప్ప సంచిలోంచి ఇంకేమీ బయటికి తీయలేదు. చెవుల్లో ఉన్నది చెరిగిపోకముందే నాలుగు రోజుల సంగతులు రాసుకోవాలని కూర్చున్నాను.

ముందు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. పోయిన వానాకాలంలో మా అక్క కూతురు ఫోన్‌లో ఒక ఆల్బమ్ పంపింది. "పిన్నీ, ఒక్కసారి విను, నీకు నచ్చుతుంది" అంది. కింగ్స్ ఆఫ్ కన్వీనియన్స్ అని, నార్వేలో బెర్గెన్ అనే ఊరివాళ్లు. ఎర్లెండ్ ఓయె, ఐరిక్ గ్లాంబెక్ బో అని ఇద్దరే. రెండు గిటార్లు, రెండు గొంతులు. 2001లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు "క్వైట్ ఈజ్ ద న్యూ లౌడ్". మెల్లగా ఉండడమే ఇప్పటి కొత్త హోరు అని చెప్పుకోవచ్చు. నేను వంటింట్లో పోపు వేస్తూ విన్నాను. ఏమీ అందలేదు. సౌండ్ పెంచితే పాట పెద్దదయింది గానీ దగ్గరికి రాలేదు. మూడు పాటలకే ఆపేశాను.

నెల తర్వాత ఒక రాత్రి వానకి కరెంటు పోయింది. నిద్ర పట్టక అదే ఆల్బమ్ పెట్టాను. పిల్లలు పడుకున్నాక పక్కగదిలో అన్నదమ్ములిద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. ఒకరు అన్న మాట కిందికి దిగుతుంటే రెండోవారు అదే మాటను కాస్త పైనుంచి పట్టుకుంటారు. కరెంటు ఎప్పుడొచ్చిందో గమనించలేదు. ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటీ విన్నాను: 2004 నాటిది, 2009 నాటిది, పన్నెండేళ్లు ఆగి 2021లో తెచ్చిన "పీస్ ఆర్ లవ్". ఆ నాలుగోదాన్ని అయిదేళ్లపాటు అయిదు ఊళ్లలో రికార్డు చేశారట. నాకు అన్నిటికంటే ఇష్టమైంది 2009లో వచ్చిన "డిక్లరేషన్ ఆఫ్ డిపెండెన్స్". అందులో డ్రమ్ముల జాడే ఉండదు. గిటారు చెక్క మీద అరచేత్తో తట్టే చప్పుడే తాళం.

ఈ రకం పాటల్ని ఇండీ ఫోక్ అంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, నాకు ఈ పాటలు అవసరమయ్యాయి. రోజంతా బ్యాంకు కౌంటర్లో గొంతు పెంచి మాట్లాడి వచ్చేదాన్ని. ఇంటికొచ్చాక నా మీద గొంతు పెంచనిది ఆ పాటే అనిపించేది.

జనవరి చివర్లో మా పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. "విజయవాడలో ఇలాగే పాడేవాళ్లు ముగ్గురున్నారు పిన్నీ, తెలుగులో. శనివారం ఇక్కడ, ఆదివారం గుంటూరులో. రా" అంది. ఇద్దరబ్బాయిలు గిటార్లు, ఒక అమ్మాయి వయొలిన్. రెండు ఆల్బమ్‌లు సొంతంగా చేసుకున్నారు, ఒకదానిలో ఎనిమిది పాటలు, రెండోదానిలో ఆరు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. ముగ్గురిలో ఒకరి ఇంట్లో ఈ పాటల సంగతి ఇంకా పూర్తిగా తెలియదు. రాయొద్దని వాళ్లే అడిగారు.

శుక్రవారం: సత్యనారాయణపురం, బ్యారేజీ

అక్కావాళ్లది సత్యనారాయణపురం. ఒకప్పుడు ఈ పేట మధ్య నుంచి రైళ్లు పోయేవి. ఆ పట్టాలు తీసేసిన జాగాలో ఇప్పుడు వెడల్పాటి రోడ్డు ఉంది. బావగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వీధివైపు కిటికీ మూస్తూ, "రైలు పోయింది గానీ చప్పుడు పోలేదమ్మా. ఇదివరకు వచ్చి వెళ్లేది, ఇప్పుడు ఆగడమే లేదు" అన్నారు. ఆయనకి చప్పుడు మీద కోపం లేదు. ముప్పై ఏళ్లు దాని మధ్యనే నిద్రపోయిన మనిషి.

సాయంత్రం ఒక్కదాన్నే ప్రకాశం బ్యారేజీకి వెళ్లాను. నది మీద నడుస్తూ ఆ ముగ్గురి మొదటి ఆల్బమ్ వినాలని నా కోరిక. ఇంటి నుంచి ఆటోకి 120 తీసుకున్నాడు. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్లకు పైనే. పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. బైకులు, ఆటోలు, వాటి హారన్లు, వాటి మధ్య సెల్ఫీలు తీసుకునేవాళ్లు. ఎగువన కృష్ణ నిండుగా, అద్దంలా ఉంది. దిగువన ఇసుక తేలి, అక్కడక్కడ నీటి పాయలు. వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

చూడ్డానికి ఇంత బాగుందా, చెవిలో మాత్రం ఏమీ లేదు. ఇయర్‌ఫోన్లలో గాలి హోరు. మధ్యమధ్య "ఒడ్డు" అనే మాట ఒక్కటి వినపడుతోంది. సౌండ్ చివరిదాకా పెంచాను. చెవులు నొప్పెట్టాయి గానీ పాట అందలేదు. వంటింట్లో చేసిన పొరపాటే మళ్లీ నది మీద చేస్తున్నానని అప్పుడు అర్థమై తీసేశాను.

సీతానగరం వైపు దిగాక ఒక పునుగుల బండి దగ్గర ఆగాను. బండి ఆవిడకి అరవై దాటి ఉంటాయి. జల్లిగరిటెతో పునుగులు తిప్పుతూ, "ఏం పాటలమ్మా అవి, చెవిలోంచి తీసి అట్టా చూస్తున్నావు?" అని అడిగింది. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని పెట్టుకుంది. వాయి ఎర్రబడేదాకా, అంటే రెండు నిమిషాలు, శ్రద్ధగా విని తిరిగిచ్చింది. "ఇది మంచం ఎక్కాక వినే పాటమ్మా. ఇక్కడెందుకు తెచ్చావు?" అంది. పన్నెండు పునుగులు, అల్లం చట్నీ, 40 రూపాయలు. ఆవిడ చెప్పింది నిజమే. ఆ రాత్రి మేడ మీద గదిలో రెండు పాటలు విన్నాను, మూడోదానికి నిద్రపోయాను.

శనివారం: గాంధీనగర్ ఇడ్లీ, క్షేత్రయ్య హాలు, సూర్యారావుపేట

పొద్దున్నే గాంధీనగర్‌లో బాబాయి హోటల్. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద వెన్న కరుగుతూ వస్తుంది. నిలబడి తినేవాళ్లు తింటున్నారు, కూర్చున్నవాళ్ల వెనక వంతు కోసం ఇంకొకరు. తిన్నాక అక్కడే కబుర్లు పెట్టుకుంటే వెనకున్నవాళ్లు ఏమీ అనరు గానీ కొంచెం ముందుకి జరుగుతారు. మేమూ లేచాం.

మధ్యాహ్నం మా పిల్ల ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కచేరీ ఏర్పాట్లు చేస్తున్నవాళ్ల నుంచి. పది నిమిషాల ముందే రావాలి. ఫోన్లు పూర్తిగా ఆపాలి. గలగలమనే గాజులు, మువ్వల పట్టీలు వేసుకురావద్దు. అక్క అది చదివి ఆలోచనలో పడింది. తనకి రావాలని ఉంది. చేతినిండా మట్టిగాజులు, తీయడానికి మనసొప్పదు. చివరికి బావగారి జేబురుమాళ్లు రెండు తెచ్చి, ఒక్కో చేతి గాజులన్నీ కలిపి మెత్తగా చుట్టి కట్టుకుంది. చెయ్యి ఊపి చూసింది. చప్పుడు లేదు. అలాగే బయల్దేరింది.

జంఖానాలు పరిచే పనికి మా పిల్ల ముందే వెళ్లిపోయింది. అక్కా నేనూ ఆటో ఎక్కి సూర్యారావుపేట, పాటల కచేరీ అన్నాం. ఆటో అబ్బాయి రెండోమాటే విన్నట్టున్నాడు. తీసుకెళ్లి తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రం ముందు దింపాడు. "కచేరీ అంటే ఇక్కడే కదమ్మా" అన్నాడు. అతని తప్పేం లేదు, ఊళ్లో ఎవరైనా అదే అనుకుంటారు. లోపల ఏదో స్కూలువాళ్ల వార్షికోత్సవం. ఆకుపచ్చ పట్టుబట్టలేసుకున్న చిన్నపిల్లలు మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు. స్పీకర్ల దరువుకి తలుపులు అదురుతున్నాయి. వాచ్‌మన్ మంచినీళ్లిచ్చి, దారి చెప్పి, ఇంకో ఆటో పిలిచి పెట్టాడు.

ఆ పది నిమిషాలూ నాకు వృథా అనిపించలేదు. హాలుకి క్షేత్రయ్య పేరు. కృష్ణా జిల్లా మొవ్వ ఆయనది, పదాల్లో మువ్వగోపాల ముద్ర. ఆ పదాల్ని తొందరగా పాడితే ప్రాణం పోతుంది, ఒక్కో మాట దగ్గర ఆగి దాని చుట్టూ తిరగాలి. అక్క చిన్నప్పుడు సంగీతం టీచరు దగ్గర ఒక పదం నేర్చుకుంది. ఆటోలో దాన్నే కూనిరాగం తీసింది. నలభై ఏళ్ల తర్వాత అక్క పాట విన్నాను. మెల్లగా పాడడం మనకి నార్వే నుంచి రావాల్సిన పని లేదని అప్పుడు తోచింది. నాకే ఆ దారి అటునుంచి దొరికింది.

రెండు ఆటోలకీ కలిపి 150 అయింది. సూర్యారావుపేటంతా ఆసుపత్రులు, మందుల షాపులు. ఒక క్లినిక్ పైన రెండో అంతస్తులో గది. పూర్వం ట్యూషన్లు చెప్పేవారట, మూలకాల ఆవర్తన పట్టిక చార్టు ఇంకా గోడకి ఉంది. మెట్ల మీద చెప్పులు. మనిషికి 200, టీతో కలిపి. ముప్పై నాలుగు మందిమి ఉన్నాం, నేను లెక్కపెట్టాను. ఎక్కువగా పాతికేళ్లలోపువాళ్లే. మా వయసువాళ్లం ఆరుగురం. మాకు గోడకి ఆనుకునే చోటు వదిలి పిల్లలు ముందుకి జరిగారు, ఎవరూ చెప్పకుండానే. మైకు లేదు. స్టేజీ లేదు. మూడు ప్లాస్టిక్ కుర్చీలు.

పొడుగబ్బాయి లేచి కిటికీలు మూశాడు. తర్వాత ఫ్యాన్ల స్విచ్చులు ఒక్కొక్కటీ ఆపాడు.

నాలుగు ఫ్యాన్లు ఆగడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా గమనించారా? రెక్కలు నెమ్మదిస్తూ, ఒకటి టకటకమంటూ, చివరికి గాలి నిలిచింది. అప్పటిదాకా అవి చప్పుడు చేస్తున్నాయని కూడా నాకు తెలియదు. తర్వాత కింద క్లినిక్‌లో ఫ్రిజ్ రొద వినపడింది. దాని వెనక షట్టర్ లాగిన చప్పుడు. దాని వెనక ఎక్కడో అంబులెన్స్. ఒక్కో పొర తొలగుతుంటే చెవి తనంతట తనే ముందుకి వెళ్తోంది. పక్కనున్నమ్మాయి ఊపిరి కూడా వినపడేంత అయ్యాక, అప్పుడు మొదటి తీగ మీటాడు.

నిన్న బ్యారేజీ మీద అందని పాట ఇదే, బల్లకట్టు పాట. కృష్ణ దాటించే బల్లకట్టు మీద ఆఖరి ట్రిప్పులో ఎక్కిన ఒక మనిషి గురించి.

"అవతలి ఒడ్డు దీపం చూస్తూ
ఇవతలి ఒడ్డు నిద్రపోయింది"

ఈ రెండు పాదాలే నాలుగుసార్లు వస్తాయి. నాలుగోసారి రెండో అబ్బాయి మాటలు వదిలేసి రాగం మాత్రమే అన్నాడు. వయొలిన్ అమ్మాయి కమానుని తీగకి తాకీతాకనట్టు లాగింది. స్వరం కంటే కమాను రాపిడే ఎక్కువగా వినపడింది, నీళ్లు బల్లని ఒరుసుకుంటున్నట్టు. అక్క రుమాళ్లు కట్టిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

మూడో పాట మధ్యలో కింద ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. ముగ్గురూ ఆపారు. రెండో కూత, మూడో కూత. ఎవరూ నవ్వలేదు, విసుక్కోలేదు. మూడు అయ్యాక కాసేపు చూసి, ఆ చరణం మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఇది నాకు బాగా నచ్చింది. ఎవరింట్లోనో అన్నం ఉడుకుతోంది, ఉడకనివ్వాలి. పాట ఆగితే ఏం పోయింది?

చప్పట్ల విషయంలో కూడా ఒక పద్ధతి ఉంది. తీగ మోత పూర్తిగా చచ్చిపోయేదాకా ఎవరూ చెయ్యి కదపరు. ఫిబ్రవరే అయినా మూసిన గదిలో అందరికీ చెమటలు. ప్రతి రెండు పాటలకీ గిటార్లు శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది. దాన్ని కూడా అందరూ పాటలాగే విన్నారు.

టీ దగ్గర పొట్టబ్బాయిని అడిగాను, ఒకే పని చేస్తున్న రెండు గిటార్లు ఎందుకని. అతను రెండూ నా చేతికిచ్చాడు. "ఒకే పని కాదు ఆంటీ. వాడిది స్టీలు తీగలు, నాది నైలాను. వాడిది మెరుస్తుంది, నాది మెత్తగా పడుతుంది. నేను బొటనవేలితో కింద అడుగులు వేస్తూ ఉంటాను, వాడు ఆ అడుగుల సందుల్లో నడుస్తాడు" అన్నాడు. మళ్లీ రెండు నిమిషాలు వాయించి చూపించాడు, ముందు ఒక్కొక్కటిగా, తర్వాత కలిపి.

ఆ రాత్రి ఇంటికొచ్చి కింగ్స్ ఆఫ్ కన్వీనియన్స్ 2004 ఆల్బమ్ "రయట్ ఆన్ ఏన్ ఎంప్టీ స్ట్రీట్" పెట్టుకున్నాను. కెనడా గాయని ఫైస్ట్ ఇందులో రెండు పాటల్లో గొంతు కలిపింది. ఆరు నెలలుగా వింటున్నది, కానీ అప్పటిదాకా నాకు ఒక్క గిటారే వినపడేది. ఇప్పుడు రెండూ విడివిడిగా, ఒకటి ఎడమ చెవి వైపు, ఒకటి కుడి వైపు కూర్చున్నాయి. తీగ మీద వేలు జారిన కీచు కూడా తెలిసింది. ఎంత గొప్ప పనితనమో! పక్కవాడికి చోటు వదలడం కోసం ఇద్దరూ ఎంత వాయించకుండా ఊరుకున్నారో అప్పుడు తెలిసింది.

ఆదివారం: ఉండవల్లి, గుంటూరు

గుంటూరు దారిలో ఉండవల్లి గుహల దగ్గర ఆగాం. నాలుగు అంతస్తుల కొండ చెక్కడం. పైన పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం, అంతా ఒకే రాయి. చీకటి, చల్లదనం. మా పిల్ల బల్లకట్టు పాట పల్లవిని నోరు తెరవకుండా అంది. రాయి దాన్ని కాసేపు ఉంచుకుని ఇచ్చింది. అక్కడి కాపలా అతను దూరం నుంచి వేలు అడ్డంగా ఊపాడు. ఆపేసింది. మంగళగిరిలో చీరల షాపులు దాటడం అక్కకి కష్టమైంది గానీ దాటాం.

గుంటూరు ఊరు కనపడకముందే ముక్కుకి తెలుస్తుంది. ఈ రోజుల్లో కొత్త పంట దిగుతుంది. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తిన లారీ ఒకటి మా ముందు పోతుంటే కళ్లు మండాయి. అరండల్‌పేటలో ఒక మెస్‌లో భోజనం చేశాం, ఆకుకి 150. ముద్దపప్పు, గోంగూర, ఊరమిరపకాయలు, మీద నెయ్యి. వడ్డించే పెద్దాయన గోంగూర గిన్నె పట్టుకుని మా వెనకే నిలబడ్డాడు. చాలంటే ఒప్పుకోడు. "విశాఖ నుంచి వచ్చి ఇంతేనా తినేది తల్లీ?" అని ఇంకో గరిటె వేశాడు. ఆ కారానికి నాకు కన్నీళ్లొస్తుంటే పక్క బల్ల మీద అయిదేళ్ల పిల్లాడు ఊరమిరపకాయ కొరుక్కుంటూ నన్నే చూస్తున్నాడు. గుంటూరులో భోజనం బాగుందంటే సరిపోదు, మళ్లీ పెట్టించుకుంటేనే నమ్ముతారు. పెట్టించుకున్నాను. నిజంగానే బాగుంది.

సాయంత్రం బ్రాడీపేట. ఇక్కడ అడ్రసు రెండు అంకెల్లో చెబుతారు, ముందు లైను, తర్వాత అడ్డరోడ్డు. మాకు 4/2 అని చెప్పారు. మేం రెండో లైనులో నాలుగో అడ్డరోడ్డుకి వెళ్లి ఒక ఇంటి గేటు తీశాం. అరుగు మీద కూర్చున్న ముసలాయన కాగితం చూసి, "ఇది 2/4. మీది 4/2. ఫరవాలేదు, ఈ ఊళ్లోవాళ్లు కూడా పొరబడతారు. మజ్జిగ తాగి వెళ్లండి" అన్నారు. వద్దంటుంటే కోడలిగారు తెచ్చేశారు. ఎక్కడికని అడిగారు. చెప్పాం. ఆయన కండువా వేసుకుని, "నాకూ తోచట్లేదు, పదండి" అని మాతో వచ్చేశారు. టికెట్టుకి 200 తనే తీసి ఇచ్చారు, మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

డాబా మీద కచేరీ. ఇక్కడ యాభై మంది దాకా వచ్చారు. మూసే కిటికీలు లేవు, ఆపే ఫ్యాన్లు లేవు. గాలి తిరిగి ఎక్కడినుంచో మిర్చి ఘాటు వచ్చింది. వయొలిన్ అమ్మాయికి దగ్గు అందుకుంది. ఇంటావిడ బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. మొదటి పాట సగంలో ఉండగా ముసలాయన నా వైపు వంగి, "వినపడట్లేదమ్మా" అన్నారు. ఆయన చిన్నప్పుడు నాజర్ బుర్రకథ విన్నారట. ఈ జిల్లా పొన్నెకల్లు మనిషి నాజర్, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. "అక్కడా ముగ్గురే. మధ్యలో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు. ఊరి చివర కూర్చున్నా గుండెకి తగిలేది" అన్నారు. ఫిర్యాదుగా అనలేదు, ఆ రోజులు గుర్తొచ్చి అన్నారు.

ఇంతలో పక్క సందులో ఏదో పుట్టినరోజు ఫంక్షన్‌లో డీజే మొదలైంది. డాబా పిట్టగోడ మీద స్టీలు గ్లాసులు సన్నగా వణుకుతున్నాయి. ముగ్గురూ ఆపి, నిన్న కుక్కర్ కోసం ఆగినట్టే ఆగారు. పది నిమిషాలైంది. డీజే ఆగేది కాదు. వెనక వరసలో ఒకరిద్దరు లేచారు. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇంత దూరం వచ్చి ఇంతేనా అని.

పొడుగబ్బాయి గిటారుతో లేచి నిలబడ్డాడు. "మేం ఇంతకంటే పెంచలేం అండీ. పెంచితే ఈ పాటలు ఉండవు. మీరే కాస్త దగ్గరికి రండి" అన్నాడు.

జనం లేచి చాపలు లాక్కుంటూ ముందుకి జరిగారు. కుర్చీలు వెనక్కి పోయాయి. చివరికి ఆ ముగ్గురి చుట్టూ యాభై మందిమి మోకాళ్లు మోకాళ్లకి తగిలేలా కూర్చున్నాం, చలిమంట చుట్టూ కూర్చున్నట్టు. మజ్జిగ ముసలాయన పొట్టబ్బాయికి ఎదురుగా, గిటారుకి జానెడు దూరంలో. అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు. బల్లకట్టు పాట ఎత్తుకున్నారు. డీజే దరువు అలాగే ఉంది, నేల అదురుతోంది. కానీ ఆ గుంపు మధ్యలో, చేతికందే దూరంలో, పాట ఉంది. "నిద్రపోయింది" అనే మాట దగ్గర ముసలాయన పెదవులు కదిలాయి. రెండోసారికే ఆయనకి ఆ మాట వచ్చేసింది.

అక్క ఈసారి రుమాళ్లు కట్టుకోలేదు. ఆరుబయట కదా అనుకుంది. దగ్గరికి జరిగాక మాత్రం, పాట ఉన్నంతసేపూ ఒక చేతి గాజుల్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకునే కూర్చుంది.

చివర్లో చేత్తో రాసిన పాటల పుస్తకం అమ్మారు, 100 రూపాయలు. రెండు కొన్నాను. ముసలాయన ఒకటి తీసుకుని కళ్లజోడు తెచ్చుకోలేదని మా పిల్లకిచ్చి, మెట్లు దిగుతూ చదివించుకున్నారు.

సోమవారం: మళ్లీ సత్యనారాయణపురం

బావగారు రెండు రోజులూ రాలేదు. "నాకెందుకమ్మా గిటార్లు" అంటారు. ఆయనకి పాటంటే రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేసిన రోజుల్లోనే భక్తిరంజని రూపుదిద్దుకుంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆ కేంద్రాన్ని నడిపారు, లలిత సంగీతానికి తెలుగులో దారి వేసినవాళ్లలో ఆయనొకరు. 2018లో, 98 ఏళ్ల వయసులో, ఈ ఊళ్లోనే పోయారు. బావగారు డ్యూటీ దిగి తెల్లవారుజామున ఇంటికొస్తే, పిల్లలు లేవకుండా రేడియోని చెవి దగ్గర పెట్టుకుని భక్తిరంజని వినేవారట. ఈ సంగతి నాకు ఇన్నేళ్లుగా తెలియదు, అక్క చెప్పింది.

"అయితే ఇది కూడా అలాగే వినండి" అని మా పిల్ల మొదటి ఆల్బమ్‌లో చివరి పాట పెట్టి ఫోన్ ఆయన చెవి దగ్గర ఉంచింది. ఆ ఆల్బమ్‌ని మధురానగర్‌లో ఒక గదిలో రాత్రి రెండింటికీ నాలుగింటికీ మధ్య రికార్డు చేశారు. ఊరు కాస్త ఊరుకునేది అప్పుడే. చివరి పాట అయిపోతుండగా దూరంగా రైలు పోయిన చప్పుడు పడింది. మళ్లీ పాడదామనుకుని, విని, తీయబుద్ధి కాక ఉంచేశారట. శనివారం టీ దగ్గర పొట్టబ్బాయే చెప్పాడు.

బావగారు కళ్లు మూసుకుని విన్నారు. పాట గురించి మొహంలో ఏమీ తెలియలేదు. చివర్లో రైలు వచ్చేసరికి కళ్లు తెరిచారు.

"గూడ్సు" అన్నారు. "లోడు బండి. ఖాళీ అయితే డబ్బాలు ఇంతకంటే ఎగిరి మోగుతాయి. సిగ్నల్ ఇవ్వలేదు వాడికి, నెమ్మదిస్తున్నాడు చూడు."

మా పిల్ల వెంటనే వాళ్లకి మెసేజ్ పెట్టింది. వాళ్లు వందలసార్లు విన్న చప్పుడు అది. అది లోడు బండి అని వాళ్లకి తెలియదు.

నాకు రాత్రి రైలు. అక్క వంటింట్లో కారప్పొడి పొట్లం కడుతోంది. బావగారు ఫోన్ తిరిగివ్వలేదు. లేచి వీధివైపు కిటికీ మూసి వచ్చి కూర్చున్నారు.

"మొదటి నుంచి పెట్టు" అన్నారు. "ఇందాక రైలు వచ్చేదాకా సరిగ్గా వినలేదు."